పాలు మరిచిన తొమ్మిది

ఐదు గంటలకు ఓదెలును పోలీసులకు అప్పగిస్తారు. పంజాగుట్టలోని ఆ ప్రైవేటు పరిశోధనశాల నాలుగో అంతస్తులో నేను లిఫ్టు దిగేసరికి రెండూ పది అయింది. చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు.

"ఐదు దాకా టైమిచ్చారు, అదే ఎక్కువ," అన్నాడు వివేక్ నన్ను చూడగానే. "నేనైతే పొద్దున్నే స్టేషన్‌కు పంపేసేవాణ్ణి. రండి రుద్రమ్మ గారూ. అమీర్‌పేట నుంచి మెట్రోనా, షేర్ ఆటోనా?"

"నడిచొచ్చిన. నీ కారు కంటే జల్దే వచ్చిన."

వివేక్‌ది విజయవాడ. బేగంపేటలో అద్దాల ఆఫీసు, కింద ముప్పై మంది మనుషులు. కంపెనీల్లో దొంగతనాలు పట్టడం అతని పని. నాకు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ పైన ఒక గది ఉంది. మనుషులు లేరు. డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు ఇరవై రెండేళ్లు పశువుల దాణా అమ్మాను. ఆ వ్యాపారంలో నేర్చుకున్నది ఒకటే. లోపలికి పోయినది, బయటికి వచ్చినది, మధ్యలో నిలిచినది, ఈ మూడూ సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో అబద్ధం ఉన్నట్టు.

నన్ను పిలిచింది ఓదెలు కూతురు దివ్యశ్రీ. మా కింది కోచింగ్ సెంటర్‌లోనే చదువుతోంది. ఒంటి గంట ఇరవైకి పరుగెత్తుకొచ్చి, "మా బాపును దొంగ అంటున్నరు మేడం" అంది. ఇక్కడికి వచ్చేలోగా ఆ మాట ఇంకో నాలుగుసార్లు అంది. ఇప్పుడు నా వెనకే నిలబడి ఉంది, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ.

దారిలో ఆమె చెప్పినదీ, వివేక్ చెప్పినదీ కలిపితే సంగతి ఇది. ఓదెలు ఇక్కడ ప్రయోగాల ఎలుకల గది చూసుకుంటాడు. పద్దెనిమిదేళ్ల నౌకరీ. ప్రతి గురువారం పొద్దున సిబ్బంది అందరినీ రేడియేషన్ కొలిచే చేతి మీటరుతో తడిమి చూస్తారు. ఈరోజు ఎనిమిదీ యాభైకి ఓదెలు ముందు ఆ మీటరు ఆగకుండా టకటకలాడింది. తొమ్మిదీ పదికి సామాను గది తెరిచారు. రేడియోధార్మిక లోహాలు కరిగించిన ద్రావణాలు అక్కడ రెండు గాజు బుడ్లలో ఉండాలి. ఒక్కటే ఉంది. 'సీరియం' అని చీటీ అంటించిన బుడ్డి లేదు. తొమ్మిదిన్నరకు డైరెక్టరు రామ్మోహనరావు వివేక్‌కు ఫోన్ చేశాడు.

"పోటీ కంపెనీకి అమ్మడానికి తీశాడు, తీసేటప్పుడు ఒంటి మీద ఒలకబోసుకున్నాడు," అన్నాడు వివేక్. "ఎక్కడ దాచాడో చెప్పట్లేదు. ఐదు నిమిషాలు మాట్లాడుకోండి. నేను పక్కనే ఉంటాను."

బట్టలు మార్చుకునే గదిలో ఓదెలు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతని బట్టలు తీసేసుకున్నారు. ఒంటి మీద ఆస్పత్రి గౌను లాంటిదేదో ఉంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

"ఓదెలన్నా, నేను దివ్య తరఫున వచ్చిన. ఎన్నిసార్లు తానం చేపిచ్చిండ్రు?"

"రెండుసార్లు చెల్లె. సబ్బు పెట్టి తోమిందే తోముడు. నన్నేదో మాడిన గిన్నె అనుకున్నరు."

"తోమినంక మీటరు తగ్గిందా?"

"లేదు. గంతే కొట్టుకుంటుంది."

"బుడ్డి తీసినవా?"

"దాని తాళం నా తాన ఉండదు. సుధ మేడం తాన ఒకటి, పెద్దసారు తాన ఒకటి. నాకు ఎలుకలు తెలుసు, వాటి తిండి తెలుసు, వాటి పెంటికెలు తెలుసు. బుడ్ల సంగతి నాకెందుకు?"

"పాణం ఎట్లున్నది?"

అతను కూతురు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాలుగు రోజుల సంది నోటికి రుచి లేదు. కడుపుల తిప్పుతుంది. దానికి చెప్పకు, ఫికర్ పడ్తది."

దివ్యశ్రీకి వినిపించనే వినిపించింది. ఆ పిల్ల చున్నీ వదిలేసి గోడకు ఆనుకుంది.

నేను వివేక్ వైపు తిరిగాను. "మీటరొక్కటే పట్టుకొని మనిషిని దొంగ అంటవా?"

"మీటరు ఒక్కటే అయితే నేనూ ఆలోచించేవాణ్ణి." అతను ఒక పాత నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టాడు. "ఇది నేరాంగీకారం. అతని చేతి రాతే."

ఎలుకల గదిలో ఓదెలు రాసుకునే పుస్తకం అది. పేజీ నిండా పొట్టి పొట్టి వరుసలు. సోమవారం కింద వివేక్ ఎర్ర పెన్నుతో గీత గీశాడు.

'ఆరు. పాలు మరిచిన. తొమ్మిది.'

"ఇక్కడ జరిగేదేంటంటే," అన్నాడు వివేక్, "ఎలుకపిల్లలకు ఈ లోహాలు కొంచెం కొంచెం తాగించి, వాటి పేగు ఎంత పీల్చుకుందో లెక్క కడతారు. సోమవారం ఆరో పంజరం వంతు. పాలల్లో కలిపి పట్టాలి. ఇతను పట్టలేదు. పట్టకుండా దాచుకుని, పుస్తకంలో 'పాలు మరిచిన' అని రాసుకున్నాడు. తొమ్మిది గంటలకు. మీ వైపు 'మరిచాను' అనరు కదండీ, 'మరిచిన' అంటారు. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, మీ భాష నాకూ వచ్చు."

వింటూ ఒక్క క్షణం నేనూ బెదిరాను. పోలీసు ముందు, కోర్టులో, ఆ మాటను అలాగే చదువుతారు. చదివితే ఓదెలు పని అయిపోయినట్టే. తర్వాత ఆ మాట పక్కనున్న అంకె మళ్లీ చూశాను.

"భాష వచ్చింది గని, బర్రెను ఎన్నడన్న చూసినవా వివేక్?"

"బెంజ్ సర్కిల్ దగ్గర పుట్టి పెరిగాను. గేదెను ప్యాకెట్ మీద బొమ్మలోనే చూశా. అయితే?"

"పాలు మరిచిన దూడ అంటే ఏంది?"

"పాలు తాగడం మర్చిపోయిన దూడ."

"తల్లి దగ్గర చీకుడు మానేసి మేత పట్టిన దూడ. దాన్నే పాలు మరిచిన దూడ అంటరు. పిల్లలైనా అంతే, ఎలుకపిల్లలైనా అంతే. అది ఓదెలన్న తన గురించి రాసుకున్నది కాదు. ఆరో పంజరంల పాలు మరిచిన పిల్లలు తొమ్మిది. గంటలు కాదు, పిల్లలు. నడువ్, లెక్కపెడదాం."

రెండూ నలభైకి మేం ఆరో పంజరం ముందు నిలబడ్డాం. వివేక్ వంగి వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. మొదటిసారి ఎనిమిది వచ్చింది. అప్పుడు దాణా గిన్నె వెనక నుంచి ఇంకొకటి బయటికొచ్చి అతని వేలు వాసన చూసింది.

"తొమ్మిది," అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా వ్యాపారం తెలిసినవాడు, వెంటనే తేరుకున్నాడు. "సరే, మాట పోయింది. మీటరు పోలేదు కదండీ. రెండుసార్లు స్నానం చేయించినా మోగుతున్న మనిషిని మీరు ఏ నిఘంటువు పెట్టి విడిపిస్తారు?"



పంజరాన్నే చూస్తూ నిలబడ్డాను. ఈ పంజరాలకు అడుగున జల్లెడ ఉంటుంది. పెంటికలు ఒక డబ్బాలో పడతాయి, ఉచ్చ గొట్టంలోంచి జారి వేరే సీసాలో చేరుతుంది. ప్రతి పొద్దునా ఓదెలు వాటిని తీసి, మూత బిగించి, వారం పేరు రాసి వరుసగా పెడతాడు. మంగళ, బుధ, గురు. మూడు డబ్బాలు, మూడు సీసాలు. ఈ రోజు మీటరు ముందు నిలబడడానికి పోయే ముందు కూడా ఆ పని చేసే వెళ్లాడు.

"ఆ మీటరు జర ఇటియ్యి."

"ఎందుకు?"

"భయమా?"

వివేక్ ఇచ్చాడు.

మంగళవారం పెంటికల డబ్బా దగ్గర మీటరు గోల పెట్టింది. బుధవారం దాని దగ్గర కొంచెం తగ్గింది. ఈరోజు దాని దగ్గర అక్కడొకటి, ఇక్కడొకటి. ఉచ్చ సీసాల దగ్గర పెట్టాను. మూడింటి దగ్గరా దాదాపు నిశ్శబ్దం. చివరికి పంజరం దగ్గరికే తీసుకెళ్లాను. తొమ్మిది పిల్లలూ కలిసి కూడా మీటరును కదిలించలేకపోయాయి.

దాణా బాగాలేదని ఎవరైనా ఫిర్యాదు తెస్తే నేను ముందు పేడ చూసేదాన్ని. మొక్కజొన్న గింజ గింజలాగే పేడలో కనిపిస్తే, పశువు దాన్ని తిన్నట్టు కాదు, మోసినట్టు. పేగులో ఉన్నంత మాత్రాన సరుకు ఒంట్లోకి చేరినట్టు లెక్క వేయకూడదు. పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్తేనే చేరినట్టు. రక్తంలోకి వెళ్లిందా లేదా అన్నదానికి ఉచ్చ సాక్షి. ఇక్కడ ఆ సాక్షి నోరు విప్పడం లేదు. సోమవారం ఈ పిల్లలకు పట్టింది ఏదైనా సరే, ఒక చివర దూరి రెండో చివర నుంచి మొత్తం బయటపడింది.

మూడూ ఐదుకు రాగసుధ వచ్చింది, ఓదెలు చెప్పిన సుధ మేడం. ముప్పై ఐదేళ్లుంటాయి. ప్రయోగాలు చేసే శాస్త్రవేత్త ఆమే, రెండో తాళంచెవి ఉన్నదీ ఆమె దగ్గరే. మా ముందు నిలబడి రెండుసార్లు వాచీ చూసుకుంది.

"సోమవారం వీటికి పాలల్లో కలిపి పట్టిండ్రా?" అన్నాను.

"పాలెక్కడివండీ? ఇవి పాలు మానేసి నాలుగు రోజులైంది. నీళ్లల్లో కలిపి సన్న గొట్టంతో నేనే పట్టాను, పదకొండు గంటలకి. ఓదెలు పంజరం పట్టుకున్నాడంతే."

వివేక్ గోడ వైపు చూశాడు.

"ఏం పట్టిండ్రు? సీరియమా?"

"కాదండీ, సీజియం. సీరియం ప్రయోగం పోయిన నెలే అయిపోయింది."

"సీరియం, సీజియం. నడుమ ఒక్క అక్షరమే తేడా. కడుపులకు పోతే తేడా ఏంది? నా కొట్టుకొచ్చిన రైతుకు చెప్పినట్టు చెప్పండి."

ఆమె నన్ను కొత్తగా చూసింది. "చాలా తేడా. ఎదిగిన జంతువు సీరియం తాగితే వెయ్యింట ఒక వంతు కూడా పేగు గోడ దాటదు. రెండు మూడు రోజుల్లో మలంలో పోతుంది. సీజియం అలా కాదు, ఉప్పులాంటిది. దాదాపు మొత్తం పేగు పీల్చేసుకుంటుంది. కండల్లో చేరి ఒళ్లంతా పరుచుకుంటుంది. తర్వాత మెల్లమెల్లగా మూత్రంలో పోతుంది. మనిషిలో అయితే అందులో సగం పోవడానికే మూడు నెలలు పట్టొచ్చు."

"అంటే ఒకటి దారిన పోయే చుట్టం. ఇంకోటి గది ఖాళీ చెయ్యని కిరాయిదారు."

"అంతే. అందుకే పొద్దున నేను పెద్దగా కంగారు పడలేదు. పోయింది సీరియమే కదా. ఒకవేళ ఎవరైనా పొరపాటున తాగినా..."

"పోయింది సీరియమని ఎవరు చెప్పిండ్రు?"

"చీటీ ఉంది కదా... మిగిలిన బుడ్డి మీద సీజియం అని ఉంది. సోమవారం అందులోంచే తీశాను."

మీటరు తీసి ముందు ఉచ్చ సీసాల మీద, తర్వాత పెంటికల డబ్బాల మీద పెట్టాను. మొదట నిశ్శబ్దం, తర్వాత గోల. రాగసుధ రెండో డబ్బా దాకా కూడా ఆగలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"ఇది సీజియం కాదు," అంది. "సీజియం అయితే మూత్రంలో మోగాలి. పిల్లల ఒంట్లో మోగాలి. ఇది... నేను పట్టింది సీరియం."

"ఏ లోహమో పేరు పెట్టి చెప్పే యంత్రం ఉండదా మీ దగ్గర?"

"ఉందండీ. మరమ్మతుకు పంపి పదకొండు రోజులైంది. ఈ చేతి మీటరు మోగుతుందంతే, పేరు చెప్పదు. ఈ డబ్బాలు ఆ యంత్రం తిరిగొచ్చాకే చూద్దామనుకున్నాం."

"మరమ్మతుకు ఎవరు పంపిండ్రు?"

"డైరెక్టరు గారు."

"నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెబుతారా?" అన్నాడు వివేక్. ఆ గొంతులో వెటకారం లేదు.

"చీటీలు మార్చిండ్రు," అన్నాను. "సీజియం చీటీ సీరియం బుడ్డికి, సీరియం చీటీ సీజియం బుడ్డికి. మాయమైంది సీజియం. పోయింది సీరియమే అనుకుంటే ఎవరూ పరుగెత్తరు, ఎవరికీ మందియ్యరు. అందుకే మార్చిండ్రు. చీటీతో అబద్ధం చెప్పించొచ్చు వివేక్. ఎలుక పేగుతో చెప్పించలేం."

అతని ఫోన్ మోగింది. బయటికి వెళ్లి రెండు నిమిషాల తర్వాత వచ్చాడు. "రామ్మోహనరావు గారు. ఐదు కాదట. నాలుగున్నరకే పోలీసులను తీసుకొస్తున్నారు."

గడియారంలో మూడూ ఇరవై అయింది. అరగంట ఎవరో నా చేతిలోంచి లాక్కున్నట్టయింది.

రాగసుధ ఓదెలు పుస్తకం వెనక్కి తిప్పుతోంది. పోయిన నెల పేజీల దగ్గర ఆగింది. అక్కడా అవే వరుసలు. 'రెండు. పాలు మరిచిన. ఎనిమిది.' 'మూడు. పాలు మరిచిన. పది.'

"ఇవి సీరియం ప్రయోగం పంజరాలు," అంది మెల్లగా. "ఆ ప్రయోగం సార్ స్వయంగా చేశారు. నాకు అంకెలు మాత్రమే ఇచ్చారు. ఇవి పాలు తాగే పిల్లలన్నారు."

"తాగితే ఏంది, మరిస్తే ఏంది?"

"అందులోనే ఉందండీ మొత్తం. పాలు తాగే పిల్ల పేగు దేన్నైనా పట్టుకుంటుంది. తల్లి పాలలోని మంచిని వదులుకోకూడదని దాని తయారీయే అంత. పెద్ద ఎలుక వదిలేసే సీరియాన్ని పసిపిల్ల పేగు రోజుల తరబడి పట్టుకుని ఉంటుంది. పాలు మరిచాక ఆ తలుపు మూసుకుంటుంది. మేం పరీక్షిస్తున్నది చంటిపిల్లలకు పట్టే ఒక పొడి. అది తాగితే పసి పేగు లోహాలను పీల్చుకోదని చెప్పుకోవాలి. పోయిన నెల పొడి అద్భుతంగా పనిచేసింది. సీరియం మొత్తం బయటికొచ్చేసింది."

"పొడి ఏం చెయ్యలే. అవి పాలు మరిచిన పిల్లలు. పొడి లేకున్నా వచ్చేసేదే."

"అవును. ఈ పుస్తకం ఒక్కటే దానికి సాక్ష్యం." ఆమె పుస్తకం మూసేసింది. "సార్ పోయిన శనివారం దీన్ని అడిగి తీసుకుని, చూసి సోమవారం పొద్దున తిరిగిచ్చారు."

"ఆయన ఏం చదివిండు?"

"పశువైద్యం."

వివేక్ తల ఎత్తాడు. "పొద్దున ఈ పుస్తకం నాకు ఇచ్చింది ఆయనే. ఆ వరుస మీద వేలు పెట్టి చూపించిందీ ఆయనే. నేను దానికి అర్థం చెబితే, 'భలే పట్టారండీ' అన్నారు." తర్వాత తనలో తాను అన్నట్టు, "పశువుల డాక్టరుకు ఆ మాట తెలియకపోవడం ఏంటి?" అన్నాడు.

మూడూ నలభైకి మళ్లీ ఓదెలు దగ్గరికి వెళ్లాం. అతన్ని నిలబడమన్నాను. మీటరు అరచేతి దగ్గర పెట్టి ముల్లు చూశాను. వీపు దగ్గర పెట్టాను. పొట్ట దగ్గర, తొడ దగ్గర, పిక్క దగ్గర. ముల్లు అన్నిచోట్లా ఒకే గీత మీద వణికింది.

"ఒంటి మీద ఒలికితే చేతికి ఎక్కువ, వీపుకు తక్కువ ఉండాలె," అన్నాను. "బుడ్డి మింగి ఉంటే పొట్ట దగ్గర ఎక్కువ ఉండాలె. ఇది అంతటా ఒకే తీరు. సబ్బుకు ఎందుకు పోతది? ఇది పైన లేదు. కండల ఉన్నది."

దివ్యశ్రీ ముందుకొచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"అంటే మా బాపు దొంగ కాదా?"

"కాదు బిడ్డా. దొంగిలించినది ఆయనకే పెట్టిండ్రు."

"మందు ఉంది," అంది రాగసుధ తొందరగా. "ప్రష్యన్ బ్లూ అని, నీలం రంగులో ఉంటుంది. సీజియం రక్తంలోంచి మళ్లీ పేగులోకి ఊరుతుంది, పేగు మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. ఈ మందు పేగులోనే దాన్ని పట్టేసి మలంతో బయటికి లాక్కుపోతుంది. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది."

"లాకప్‌ల కూర్చుంటే?"

"సీరియం దొంగ అని పంపిస్తే ఈ మందు ఎవరూ ఇవ్వరు." ఆమె అప్పటికే ఫోన్‌లో ఆస్పత్రి నంబరు వెతుకుతోంది. "మనిషి రోజురోజుకూ నీరసించి పోతాడు. బుడ్డి ఒలకబోసుకున్న దొంగ కదా అనుకుంటారు."

ఆమె ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. నేను ఓదెలు ముందు కూర్చున్నాను. లోపలికి ఎలా పోయిందో తేలనిదే లెక్క పూర్తికాదు.

"ఓదెలన్నా, ఈడ నీ నోట్లోకి పోయేది ఒక్కొక్కటి చెప్పు."

"నీళ్లు."

"అందరూ తాగే నీళ్లేనా?"

"ఆ, గా మిషన్ల నీళ్లే. చాయ్ నేను తాగ. మాపటికి ఇంటికి పోయి తింటా. పగలు జొన్న అంబలి. దివ్య కాస్తది, ఇంటికాంచి తెచ్చుకుంటా."

దివ్యశ్రీ ముఖం పాలిపోయింది. "అదే అంబలి పొద్దున నేను సుత తాగుతా మేడం."

మీటరు ఆమె వైపు తిప్పుతుంటే నా మణికట్టు నాకే బరువనిపించింది. చెయ్యి, వీపు, తొడ. మీటరు కిమ్మనలేదు. మళ్లీ చూశాను. లేదు. ఆ పిల్ల ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

"అంబలి కాదు," అన్నాను. "ఇంటి దగ్గర లేనిది ఏదో ఈడ కలుస్తుంది. ఏం కలుపుతవ్ అన్నా?"

"ఏం కలుపుత? జరంత ఉప్పు. ఉప్పు ముందే కలిపితే నాకు నచ్చదు, తాగేటప్పుడే ఏసుకుంటా. గదిగో, డబ్బా."

అల్మారా పై అరలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూత మీద ఓదెలు పేరు. నేను మూత తీయలేదు. మీటరు జానెడు దూరంలో ఉండగానే అది విడివిడి టకటకలు మానేసి ఒకటే రొదగా మారింది. ఉప్పులాంటిదే, ఉప్పులో కలిపారు. తడిపి ఆరబెడితే ఎవరి కంటికి కనిపిస్తుంది? రోజుకో చిటికెడు. ఎంత ఎప్పుడు వేసుకోవాలో కూడా విషం పెట్టినవాడు చూసుకోనక్కర్లేదు, ఓదెలే కలుపుకుంటాడు.

అందరినీ అల్మారాకు దూరంగా జరగమన్నాను. నాలుగూ ఐదు అయింది. ఆస్పత్రి వాళ్లు ఓదెలు వయసు, బరువు అడుగుతున్నారు, రాగసుధ జవాబులు చెబుతోంది.

"ఈ ఉప్పు ఇంకెవరన్న ముట్టిండ్రా అన్నా? మంచిగ యాది చేసుకో."

ఓదెలు లేదని తల ఊపబోయి ఆగాడు. పొద్దుటి నుంచి అంతమంది దొంగ అంటే కూడా బెదరని మనిషి, అప్పుడు తప్పు చేసినవాడిలా వివేక్ వైపు చూశాడు.

"సారు పొద్దటి సంది ఏం తినలే చెల్లె. కడుపుల మంట మంట అన్నడు. నన్ను అడిగీ అడిగీ ఆయన గొంతే ఎండిపోయింది. నువ్వు వచ్చే ముందట, రెండింటికి, నా అంబలి ఒక గ్లాసు పోసిచ్చిన. సప్పగున్నదంటే ఉప్పు ఇంకింత ఏసిన."

వివేక్ నవ్వాడు. ఎవరూ తోడు నవ్వలేదు. నేను మీటరు అతని చేతి దగ్గర పెట్టాను. దాదాపు నిశ్శబ్దం. తొడ దగ్గర పెట్టాను. అక్కడొకటి, ఇక్కడొకటి. పొట్ట దగ్గరికి తెచ్చేసరికి ముల్లు ఒక్కసారిగా లేచింది.

"రెండో మనిషి కూడా ఉన్నాడు," అని రాగసుధ ఫోన్‌లో చెప్పింది. "రెండు గంటలే అయింది. కొంతైనా ఇంకా లోపలికి ఎక్కలేదు. అంబులెన్స్ ఇప్పుడే పంపండి, ఇప్పుడే."

వివేక్ స్టూలు మీద కూర్చున్నాడు. ఓదెలు లేచి అతనికి చోటిచ్చాడు.

"నేను చెప్పాను," అన్నాడు వివేక్. అతని కళ్లు నా మీద లేవు. "ఇందాక ఫోన్ వచ్చింది చూడండి... ఏమైనా తిన్నారా అని అడిగారు రామ్మోహనరావు గారు. ఓదెలు అంబలి ఇచ్చాడని చెప్పాను. తర్వాతే, పోలీసులను నాలుగున్నరకే తెస్తానన్నారు."

"నడుమ ఇంకేమన్న అన్నడా?"

"ఒకటి అడిగారు. నేను మామూలుగానే తీసుకున్నాను." వివేక్ నాలుకతో పెదవులు తడుపుకోబోయి, ఆ పెదవుల మీద ఏముందో గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ఉప్పు వేసుకున్నారా, అని అడిగారు."